అడుగు కలపొద్దు

మా దిక్కున పెళ్లికి ముహూర్తం పెట్టేది పంతులు కాదు, మా బ్యాండు మాస్టరు అని ఒక మాట ఉంది. పంతులు రాసిచ్చిన రెండు మూడు తేదీలు పట్టుకుని పెళ్లివారు ముందు మాస్టరు ఇంటికి వస్తారు. ఆయన ఖాళీగా ఉన్న రోజునే లగ్గం ఖాయం చేసుకుని పోతారు. సత్తుపల్లి నుంచి భద్రాచలం దాకా, ఇటు ఖమ్మంలో ఖానాపురం హవేలి దాకా ఆయన క్లారినెట్ మోగని వీధి తక్కువ. డీజే బండ్లు వచ్చాక ఎన్నో బ్యాండు మేళాలు మూతబడ్డాయి. మాకు మాత్రం శ్రావణమాసం వచ్చిందంటే అన్నం తినే తీరిక ఉండదు. ఎదుర్కోలు దగ్గర ఆయన క్లారినెట్ అందుకుంటే, అలిగి మూతి ముడుచుకుని కూర్చున్న వియ్యపురాలు కూడా లేచి వచ్చి ఫోన్‌లో వీడియో తీసుకుంటుంది. అలక మిగతాది తర్వాత చూసుకుంటుంది.

ఆ బ్యాండులో పెద్ద డ్రమ్ము నాది. పెళ్లిళ్లు లేని రోజుల్లో పెనుబల్లికీ సత్తుపల్లికీ మధ్య షేర్ ఆటో నడుపుతాను. కోపిష్టినని నాకు పేరు. ఆటో ఎక్కినవాళ్లూ చెబుతారు, ఇంట్లోవాళ్లూ చెబుతారు. డ్రమ్ము కొట్టేవాడికి కోపం ఉండాలె, లేకుంటే దెబ్బ గట్టిగా పడదు అని మాస్టరు ఒక్కరే నన్ను వెనకేసుకొస్తారు.

ఆయన గురించి రాయాలని నేను కూర్చోవడానికి కారణం మాత్రం ఆ క్లారినెట్ కాదు. ఒక శ్రావణమాసం ఉదయాన నా భార్య ప్రాణం, ఆమె కడుపులో ఉన్న ప్రాణం ఆయన చేతుల్లో పడ్డాయి. అది చెప్పాలంటే ముందు నడక గురించి చెప్పాలి.

మాస్టరు పదిహేడేళ్లు మిలట్రీలో ఉన్నారు. అక్కడా బ్యాండులోనే. తుపాకీ పట్టడం నేర్పారుగానీ ఎక్కువగా పట్టింది క్లారినెట్టేనని ఆయనే చెబుతారు. సెలవు మీద వచ్చినప్పుడు ఊళ్లో పెళ్లికి సరదాగా ఊదేవారట. రిటైరై వచ్చేసరికి ఆ సరదా పేరు ఊరూరా పాకి ఉంది. మిలట్రీ మాస్టర్ అంటే చాలు, అడ్రసు అక్కర్లేదు. కానీ మనవాళ్లకు మిలట్రీ అంటే తుపాకీ, సరిహద్దు, శత్రువు. టీ హోటల్ దగ్గర ఆయన్ని ఆటపట్టించని రోజు లేదు.

"మాస్టర్, అందరు తుపాకులు పేలుస్తుంటె నువ్వు పీపీ ఊదినవా?" అని ఎవరో అంటారు.

"అవ్. నేను ఇటు దిక్కు ఊదిన, అటు దిక్కోళ్లు డ్యాన్స్ చేసిన్రు. గట్లనే గెలిచినం," అని ఆయన టీ ఊదుకుంటూ తాగుతారు.

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. యుద్ధంలో బ్యాండువాళ్లు ఏం చేస్తారో మాలో ఎవరికీ తెలియదు, అడగాలని తోచనూ లేదు.

ఆయన బ్యాండు పెట్టిన కొత్తలో జరిగిన మొదటి పెళ్లి ఇప్పటికీ పెనుబల్లిలో చెప్పుకుంటారు. మేమంతా ఎర్ర కోట్లు, బంగారు రంగు జరీ పట్టీలు, తెల్ల బూట్లతో తయారయ్యాం. అంతకు ముందు నెల రోజులు మాస్టరు మా చేత పాటలకంటే ఎక్కువగా నడక సాధన చేయించారు. నా డ్రమ్ము మీద దెబ్బ పడినప్పుడల్లా అందరి ఎడమ కాలూ నేల మీద పడాలి. అంటే బ్యాండు మొత్తానికీ కాలు నేనే. నాకు ఆ సంగతి తెలిశాక ఒళ్లు పొంగిపోయింది. బరాత్ మొదలైంది. దెబ్బ వేశాను, అడుగులు పడ్డాయి, బూట్లన్నీ ఒక్కటై నేల దద్దరిల్లింది. వీధి చివర మలుపు తిరిగాం, ఇంకో వీధి దాటాం, ఫంక్షన్ హాలు గేటు ముందుకు వచ్చి ఠక్కున ఆగాం. వెనక్కి తిరిగి చూస్తే పెళ్లికొడుకు లేడు. కారు లేదు. బరాతే లేదు. వాళ్లంతా రెండు వీధుల వెనక, మొదలుపెట్టిన చోటే నిలబడి డ్యాన్స్ చేయడానికి మా కోసం చూస్తున్నారు.

బరాత్ అంటే నాలుగు అడుగులకోసారి ఆగాలని, ఆగినచోట అరగంట వాయించాలని మాకు తెలియనిది కాదు. నెల రోజుల కవాతులో అది కాస్తా మరిచిపోయాం. పెళ్లికొడుకు మేనమామ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు.

"మీరు పెండ్లికొచ్చిన్రా, లడాయికి పోతున్నరా?" అని అరిచాడు.

మాస్టరు మమ్మల్ని వెనక్కి తిప్పి, అదే నడకతో కారు దాకా నడిపించి, పెళ్లికొడుక్కి మిలట్రీ సెల్యూట్ కొట్టారు. జనం ఈలలు వేశారు. మేనమామ కూడా నవ్వేశాడు. అప్పటి నుంచి పిలవడానికి వచ్చినవాళ్లంతా, సెల్యూట్ మాత్రం ఉండాలె మాస్టర్ అని ముందే అడుగుతారు.

ఇక మంగళవారాలు. మంగళవారం పెళ్లిళ్లు ఉండవు గనక అది మా సాధన రోజు. ఊరి చివర సిమెంటు కళ్లం మీద సగం పొద్దు పాటలు సాగేవి. తర్వాత మాస్టరు రెండు వెదురు బొంగులు తెప్పించేవారు. మూడు బ్యాండు కోట్లు విప్పించేవారు. కోటు చేతులు లోపలికి తిరగేసి, ఆ చేతుల్లోంచి బొంగులు దూర్చి, బొత్తాలు పెట్టాలి. మూడు కోట్లూ అలా వరసగా ఎక్కిస్తే మనిషి పడుకునేంత పడక తయారవుతుంది. దాని మీద మా పెద్ద బాకా వాయించే అన్నను పడుకోబెట్టి, నలుగురు మోసుకుని కళ్లం చుట్టూ తిరగాలి. అన్న మా అందరిలోకీ బరువు. ఆ పడక మీద ఆయనకు కమ్మగా నిద్ర పట్టేది, మోసేవాళ్లకు నడుములు పట్టేవి.

ఒక మంగళవారం నాకు కోపం ఆగలేదు.

"మాస్టర్, మనం బ్యాండోళ్లమా, దవాఖానల వార్డుబాయిలమా? పెండ్లిళ్లల్ల గీ మోసుడేంది?"

"మిలట్రీల బ్యాండోనికి రెండు పనులు తమ్మి. లడాయి లేనప్పుడు ఊదుడు. లడాయి వచ్చినప్పుడు మోసుడు. దెబ్బలు తిన్నోళ్లను తెచ్చేది బ్యాండోళ్లే."

"ఇక్కడ లడాయి ఎక్కడుంది?"

"వానాకాలం రాదా ఏంది?" అన్నారాయన.

మా అడవి అంచు ఊళ్లకు వానాకాలం ఎలా వస్తుందో ఆయన నాకు చెప్పనక్కర్లేదు. వాగు ఒక్కసారి పొంగిందంటే పక్కనున్న పెనుబల్లి కూడా ఢిల్లీ అంత దూరం.

అయితే ఆ మోతలో ఒక చిక్కు ఉంది. మోసేటప్పుడు అడుగు కలపకూడదు. నలుగురి కాళ్లూ ఒక్కసారి పడితే పడక ఊయలలా ఊగుతుంది, పడుకున్నవాడికి పేగులు కదిలిపోతాయి. ఒకరు ఎడమ కాలు వేస్తే పక్కవాడు కుడి కాలు వేయాలి. తాగినవాళ్లలా, ఎవరి దారి వారిదన్నట్టు నడవాలి. అడుగు కలిపి నడవడమే బతుకుతెరువైన మాకు అది చచ్చినా వచ్చేది కాదు. అందుకని మాస్టరు పక్కనే నడుస్తూ పద్యాలు పాడేవారు. చిన్నప్పుడు నాటకాల రిహార్సల్స్ దగ్గర కూర్చుని పట్టుకున్న పద్యాలు. "పాటకు దరువుంటది, కాలు దానెంబడి పోతది. పద్యానికి దరువుండదు. రాగం ఎంత దూరం పోతదో పాడేటోనికే తెల్వదు. ఇగ కాలు దేన్ని పట్టుకుంటది?" అనేవారు.

అందరికీ మెల్లగా అబ్బింది, నాకు తప్ప. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. నేను ఒక మూల పట్టుకున్నానంటే పది అడుగుల్లో మిగతా ముగ్గురి కాళ్లూ వచ్చి నా కాలితో కలిసేవి. ఏళ్ల తరబడి నా దెబ్బకే అడుగు వేసిన కాళ్లు కదా. పడక ఊగడం మొదలయ్యేది. నిద్రలో ఉన్న బాకా అన్న లేచి, "ఎవడ్రా, డ్రమ్మోడు పట్టిండా? నాకు కడుపుల తిప్పుతుంది," అనేవాడు. చివరికి మాస్టరు నన్ను ఆ పనిలోంచి తీసేశారు. "నీ కాలు మంచిదే తమ్మి, డ్రమ్ము కాడ," అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు మంగళవారాలు సాధనకు పోలేదు. తర్వాత నేనే పోయాను.

అప్పటికి మాకు పెళ్లయి చాలా ఏళ్లు. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ పోయింది. మూడోసారి నిలిచినప్పుడు ఖమ్మంలో చూపించాం. మాయ కిందికి ఉందని, కుదుపులు తగలకూడదని, నెత్తురు కనబడితే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా ఆపరేషన్ చేసే దవాఖానకు తేవాలని డాక్టరమ్మ చెప్పింది. నాకైతే ఆ మాటలు రోజూ పడుకునేముందు చెవిలో వినబడేవి. అలాంటి సమయంలో మా బామ్మర్ది పెళ్లి కుదిరింది. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్లది అడవిని ఆనుకుని వాగు అవతల ఉన్న ఊరు. వద్దన్నాను. బతిమాలాను. అరిచాను.

"నా తమ్ముని పెండ్లికి నువ్వు పోయి డ్రమ్ము కొడ్తవు, నేను ఇంట్ల కూసోవాల్నా? దర్వాజ కాడ నిలబడి కొత్త పిల్లతోని మొగుని పేరు చెప్పించేది ఎవలు? మీ బాకా అన్ననా?" అంది.

ఇంట్లో డ్రమ్ము ఆమెదే, నాది కాదు. వాన లేని రోజు చూసి, కారు మాట్లాడి, మెల్లగా తీసుకెళ్లి దించి వచ్చాను. ప్రసవానికి ఇంకా నెల రోజులకు పైగా గడువుంది. పెళ్లి కాగానే ఖమ్మం తీసుకుపోవాలని అనుకున్నాం.

పెళ్లి ముందురోజు సాయంత్రం బ్యాండంతా ఆ ఊరు చేరాం. మర్నాడు పొద్దున పెళ్లికొడుకును ఊరేగించి ఆడపిల్లవారి ఊరికి తీసుకెళ్లాలి. మేం బడి వరండాలో పడుకున్నాం. రాత్రంతా కుండపోత. తెల్లారి లేచి ఎర్ర కోట్లు తొడుక్కుంటుంటే మా అత్త పరుగెత్తుకుంటూ వచ్చింది. నా చెయ్యి పట్టి లాగింది. పోయి చూస్తే నా భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చీర తడిసి ఉంది. డాక్టరమ్మ చెప్పిన నెత్తురు అదే. నాకు అంత భయం అంతకు ముందు ఎప్పుడూ వేయలేదు.

అంబులెన్స్‌కు ఫోన్ చేశాం. అది జల్దీనే వచ్చింది, వాగు అవతలి ఒడ్డు దాకా. రోడ్డు మీద చప్టా మునిగిపోయి నీళ్లు మీది నుంచి పోతున్నాయి. డ్రైవర్ ఫోన్‌లోనే చెప్పాడు: "దాటుడు కాదన్నా. పైన కోయగూడెం కాడ వాగు సన్నగ ఉంటదట. మీరు అటు నుంచి దాటించుండ్రి, నేను చుట్టు తిరిగి ఆ గూడెం రోడ్డుకు వస్త." అడవి బాటన అది గంట పైన నడక.

మామ ట్రాక్టర్ తీయబోయాడు. మాస్టరు ఆపారు. ఆ గుంతల్లో ట్రాక్టర్ ఎక్కిస్తే ఏమవుతుందో ఆయనకు ఆమె ముఖం చూస్తేనే తెలిసినట్టుంది. గూడెం నుంచి పెళ్లికి వచ్చిన ఒక కోయ పెద్దాయన, డోలీ కట్టుకుని పోదాం అన్నాడు. వాళ్లు తరాల నుంచి రోగులను అలాగే మోసుకొస్తారు.

"డోలీ మంచిదే అన్నా, మీరు మోసేది నేను చూసిన. గని ఈ బిడ్డను మడత పడకుండ పండబెట్టాలె," అన్నారు మాస్టరు. "నువ్వు దారి చూపియ్యి. నీ ఎనక మేం వస్తం." తర్వాత మా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. "కోట్లు ఇప్పుండ్రి," అన్నారు.

పెళ్లిపందిరి నుంచి రెండు వెదురు బొంగులు ఊడబీకారు. మూడు ఎర్ర కోట్లు వాటికి ఎక్కాయి. మంగళవారాల్లో విసుక్కుంటూ పెట్టిన బొత్తాలు ఆ పొద్దున అందరి చేతులూ వాటంతటవే పెట్టేశాయి. ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పి, మా అత్త గొడుగు పట్టింది. పెళ్లికొడుకు నేనూ వస్తానని ఏడుస్తూ లేచాడుగానీ, పసుపు పూసుకున్నవాడు పొలిమేర దాటొద్దని పెద్దలు పట్టుకుని కూర్చోబెట్టారు. నేను ఒక బొంగు చివర పట్టుకోబోయాను.

"నువ్వు పట్టకు," అన్నారు మాస్టరు.

"నా పెండ్లాం, మాస్టర్."

"అందుకే చెప్తున్న. ముందట నడువు. ముండ్ల కంప పక్కకు తియ్యి."

కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ పోట్లాడటానికి అది సమయం కాదు. కోయ పెద్దాయన వెంట ముందు నడిచాను. మాస్టరు పడక పక్కన నడుస్తూ ఆమెతో, "బిడ్డా, నేను పద్యాలు పాడుత. బాగలేకుంటె బాగలేదని చెప్పు. మాట మాత్రం ఆపకు," అన్నారు.

అలా వాన చినుకుల్లో, టేకు చెట్ల కింద, బురదలో ఆయన పద్యం ఎత్తుకున్నారు. రాగం పైకి పోయి, అక్కడే తిరిగి తిరిగి, ఎప్పుడో కిందికి దిగేది. వెనక ఎనిమిది కాళ్లు ఒకదానితో ఒకటి కలవకుండా బురద తొక్కుతున్న చప్పుడు వినబడుతోంది. నా జీవితంలో అంత అడ్డదిడ్డమైన చప్పుడు వినలేదు. పడక మాత్రం నీళ్ల మీద తెప్పలా సాఫీగా వస్తోంది.

"బాబాయ్, నీ గొంతు కంటె ఆ క్లారినెట్టే నయం," అంది నా భార్య, సన్నగా.

"అట్లనా బిడ్డా? అయితె ఇంకోటి ఇను," అని ఇంకో పద్యం మొదలుపెట్టారు.

ప్రతి పద్యానికీ ఆమె ఏదో ఒకటి అనేది. శ్రుతి పోయిందనో, ఇది మొన్న పాడిందేననో. ఆమె మాట వినబడినప్పుడల్లా నాకు ఊపిరి తిరిగొచ్చేది. దారి ఎత్తెక్కింది. ఒకడు అలిసిపోతే, ఆ మోత నేర్చినవాళ్లలో అదనంగా ఉన్న ఒక్కడూ వాడి చోటు తీసుకున్నాడు. వాగు దగ్గరికి చేరాం. అక్కడ మోకాటి లోతు నీళ్లు, కింద జారుడు రాళ్లు. కోయ పెద్దాయన నీళ్లలో నిలబడి ఏ రాయి మీద కాలు పెట్టాలో ఒక్కొక్కరికీ చూపించాడు. పడకను భుజాల మీదికి ఎత్తి దాటించారు. ఒడ్డు ఎక్కబోతుండగా మా బాకా అన్న కాలు రాళ్ల మధ్య మెలితిరిగింది. పడకను వదలలేదు మహానుభావుడు. మోకాళ్ల మీద పడి కూడా బొంగును అలాగే ఎత్తి పట్టుకున్నాడు. మాస్టరు అందుకుని పడకను కిందికి దించారు. అన్న ఇక నిలబడలేడు. అలిసి తప్పుకున్నవాడు ఊపిరి తీయలేక ఒడ్డున కూలబడ్డాడు.

అప్పుడు గమనించాను. అయిపోయిన పద్యానికి ఆమె ఏమీ అనలేదు.

"బిడ్డా," అన్నారు మాస్టరు. ఆమె కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. ఆయన చెయ్యి పట్టి నాడి చూశారు. తల ఎత్తి నా వైపు చూశారు.

"రా. పట్టు. నా నోటి దిక్కు చూడు, కాళ్ల దిక్కు చూడకు."

వెనక కుడి మూల పట్టుకున్నాను. లేచాం. ఆయన రాగం తీస్తున్నారు, నేను వినాలనే అనుకుంటున్నాను. కానీ నా తలలో డ్రమ్ము మోగుతోంది. భయం కూడా దెబ్బలాగే పడుతోంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. నాలుగు బారలు పోకముందే ముందున్న ఇద్దరి కాళ్లు, పక్కవాడి కాలు వచ్చి నా కాలితో కలిశాయి. పడక ఊగింది. ఆమె మూలిగింది. నా చేతుల్లోనే ఆమె ఊగుతోందని తెలిసి నాకు పిచ్చెక్కినట్టయింది. ఆ పిచ్చిలో నోటికొచ్చింది అనేశాను.

"వద్దంటె విన్నవా? తమ్ముని పెండ్లి, తమ్ముని పెండ్లి అని నా పాణం తీసినవు. ఎవలతోని పేరు చెప్పిస్తవు ఇప్పుడు? ఆ వాగుతోనా?"

ముందున్నవాడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. మాస్టరు పద్యం ఆపారు. నన్ను తిడతారనుకున్నాను. ఆయన నా కాళ్ల వైపు చూస్తున్నారు. చూస్తే, నా అడుగు విడిపోయి ఉంది. తిడుతుంటే కాలు ఒకసారి ఆగుతోంది, ఒకసారి తొందరపడుతోంది. కోపానికి దరువు ఉండదని నాకప్పుడు తెలిసింది. పడక నిలకడగా పోతోంది.

"తిట్టు తమ్మి. మంచిగున్నది. ఆపకు," అన్నారాయన.

ఇక తిట్టాను. మా పెళ్లి నాటి నుంచి ఉన్న లెక్కలన్నీ తీశాను. ఉప్పెక్కువైన పప్పు, నా ఫోన్ తీసి మా అక్కతో గంటసేపు మాట్లాడటం, నేను కొన్న చీర చెల్లెలి వరసయ్యే పిల్లకు ఇచ్చేయడం. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నోటి వెంట తిట్లు పోతున్నాయి. మా అత్త గొడుగు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. చీర దగ్గరికి వచ్చేసరికి దుప్పటి కదిలింది.

"ఆ చీర... నువ్వు కొనలే. మా అమ్మ కొన్నది," అంది ఆమె.

"నేనే కొన్న."

"అబద్ధం."

నేను ఏడుస్తూ నవ్వాను. గూడెం రోడ్డు మీద అంబులెన్స్ కనబడేదాకా ఆ చీర ఎవరు కొన్నారో తేల్చుకుంటూనే వచ్చాం. నిజానికి వాళ్లమ్మే కొన్నది. ఆ మాట చెబితే పోట్లాట అయిపోతుందని నేను ఒప్పుకోలేదు.

సత్తుపల్లి పెద్ద దవాఖానలో ఆమెను తిన్నగా ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. నేను, మాస్టరు బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన బనియన్ మీదే ఉన్నారు, ప్యాంటు మోకాళ్ల దాకా బురద. దారిన పోయేవాళ్లు ఆయన్ని గుర్తుపట్టి, "మిలట్రీ మాస్టర్ కదా," అని గుసగుసలాడుకుంటున్నారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. ఏదో ఒకటి మాట్లాడకపోతే గుండె ఆగేట్టుంది.

"మాస్టర్, గీ మోసుడు మాకు ఎందుకు నేర్పినవు? మనది పెండ్లి బ్యాండు కదా," అన్నాను.

ఆయన ప్యాంటు మీది బురద గీకుతూ చెప్పారు. "మిలట్రీల చేరిన కొత్తల, దెబ్బ తిన్న ఒక పోరన్ని కొండ మీదికెళ్లి కిందికి తెచ్చినం. నలుగురం బ్యాండోళ్లమే. పరేడ్ జేసి జేసి ఉన్న కాళ్లు. మంచిగ అడుగు కలిపి తెచ్చినం. ఎంత సక్కగ నడుస్తున్నమో అని లోపల్లోపల మురిసిన కూడ. వాడు మూలుగుతనే ఉన్నడు. గాయానికి మూలుగుతున్నడనుకున్నం. కిందికొచ్చినంక డాక్టర్ సాబ్ చెప్పిండు. గాయం చేసిన దానికంటె మా ఊపుడు ఎక్కువ చేసిందని."

"బతికిండా?"

"లే."

టీ హోటల్లో ఎన్నేళ్లుగానో నవ్విన నవ్వులన్నీ నాకు గుర్తొచ్చాయి. నా పక్కన కూర్చున్నది ఎంత పెద్ద సిపాయో, ఆయన్ని మేం ఎంత చిన్నగా చూశామో తెలిసి సిగ్గేసింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. బొంగు రాసుకుని అరచెయ్యి పగిలి ఉంది. వాగు ఒడ్డు దాటాక ఎప్పుడో ముందువాడు అలిసిపోతే ఆయన ఆ మూల పట్టుకుని ఉంటారు. ఏడుపులో నేను చూడనే లేదు.

తలుపు తెరుచుకుంది. నర్సమ్మ గుడ్డలో చుట్టిన బిడ్డను ఎత్తుకుని వచ్చింది.

"ఆడపిల్ల. బరువు తక్కువున్నది, కొన్ని రోజులు ఇక్కడ్నే ఉంచాలె. తల్లికి నెత్తురెక్కిస్తున్నరు, భయం లేదు. ఎవరు పట్టుకుంటరు? జల్దీ చూసి ఇచ్చెయ్యుండ్రి."

నేను చేతులు చాపాను. బొంగు పట్టిన వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదు. నర్సమ్మ నా చేతులు చూసి, బిడ్డను మాస్టరు చేతుల్లో పెట్టింది. ఆయన రెండు చేతులతో గట్టిగా, కదలకుండా పట్టుకున్నారు. కళ్లనిండా నీళ్లున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఎత్తినకాడ ఉన్న పాణం దించినకాడ లేకపోవుడు నాకెరుకే తమ్మి," అన్నారు, బిడ్డ ముఖం మీంచి చూపు తిప్పకుండానే. "ఒక్కర్ని ఎత్తుకొచ్చి ఇద్దర్ని దించుడు నాకు ఇదే మొదలు."